శిష్యుణ్ణి ఇంటికి తెచ్చుకునే ముందు: విశాఖ ఫుట్‌బాల్ కోచ్‌లకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు

మా వారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఉదయం పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతారు. నేను వ్యాయామ ఉపాధ్యాయినిగా చేసి రిటైరయ్యాను. జాలరిపేట నుంచి ఆటకు వచ్చిన ఒక అబ్బాయి మా ఇంట్లో ఉండి పెద్దవాడయ్యాడు. ఆ సంగతి నగరంలోని కోచ్‌లందరికీ తెలుసు కాబట్టి, వాళ్ళలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తే ఆయన మా వారికి ఫోను చేస్తారు, ఆయన భార్య నాకు చేస్తుంది. “కుర్రాడు బంగారం. ఇంట్లో పరిస్థితి బాగోలేదు. మా దగ్గరే ఉంచుకుందామనుకుంటున్నాం, ఏం చేయాలి?” అని అడుగుతారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి. రేపు ఆ పిల్లవాడి మోకాలు దెబ్బతిని, ఇక బంతి తన్నలేడని డాక్టరు చెబితే, అప్పుడు కూడా మీ ఇంట్లో ఉంచుకుంటారా? భార్యాభర్తలిద్దరూ ఎవరికి వారు ఆలోచించుకుని, తర్వాత కూర్చుని మాట్లాడుకోండి. ఇద్దరి నోటా తడబాటు లేకుండా ‘ఉంచుకుంటాం’ అని వస్తే మిగతాది చదవండి. రాకపోతే అతనికి బూట్లు కొనివ్వండి, పుస్తకాలు కొనివ్వండి, పొద్దున్నే గుడ్డూ పాలూ పెట్టించండి. అవి చిన్న పనులేమీ కావు. ఇల్లు మాత్రం ఇవ్వవద్దు. ఆట బాగున్నంత కాలమే ఉండనిచ్చే ఇంట్లో పిల్లవాడు ప్రతి మ్యాచ్‌నూ అద్దె కట్టినట్టు ఆడతాడు. గోల్ కొట్టిన రోజు రెండో ముద్ద అడుగుతాడు, కొట్టని రోజు అడగడు. ఆ భయం కోచ్ కంటికి కనబడదు, వడ్డించేవాళ్ళకు కనబడుతుంది.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది బ్రయాన్ క్లఫ్. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టును 1979, 1980లలో వరుసగా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిపించిన మేనేజర్. తొమ్మిదిమంది పిల్లలున్న మిడిల్స్‌బ్రో కుటుంబంలో పుట్టాడు. సండర్లాండ్ జట్టుకు గోల్స్ మీద గోల్స్ కొడుతుండగా 1962 డిసెంబరు 26న మోకాలికి తగిలిన దెబ్బతో ఆటగాడిగా ఆయన జీవితం దాదాపు అక్కడే ఆగిపోయింది. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్లాండ్‌కూ మన విశాఖకూ పోలిక ఉంది. అక్కడా సముద్రం, రేవు, ఓడలు కట్టే యార్డులు. మనకు హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిలిచింది, వాళ్ళ చివరి యార్డు 1988లో మూతపడింది. ఆ యార్డులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, 1984లో, తన జట్టును తీసుకుని క్లఫ్ ఆ ఊరు వెళ్ళాడు. సముద్రం ఒడ్డున జట్టు దిగిన హోటల్ దగ్గర క్రెయిగ్ బ్రోమ్‌ఫీల్డ్ అనే పదకొండేళ్ళ పేద పిల్లవాడు, అతని అన్న ఆయన కంటబడ్డారు. క్లఫ్ పిల్లలను పలకరించాడు, మ్యాచ్‌కు తీసుకెళ్ళాడు, తర్వాత డెర్బీ దగ్గరి తన ఇంటికి రమ్మన్నాడు. రాకపోకలు మొదలై, చివరికి క్రెయిగ్ ఆ ఇంట్లోనే ఏళ్ళ తరబడి పెరిగాడు. పెద్దయ్యాక తన కథ తానే పుస్తకంగా రాసుకున్నాడు.

ఇందులో మన కోచ్‌లు గమనించాల్సినవి మూడున్నాయి. క్రెయిగ్‌ను క్లఫ్ ఆటగాణ్ణి చేద్దామని తెచ్చుకోలేదు. ఆ ఇంట్లో చోటుకూ జట్టులో చోటుకూ సంబంధం లేదు. మొదట పిలిచింది ఇద్దరు అన్నదమ్ములనూ, అదీ కొద్ది రోజులకు. ఉండిపోవడం మెల్లగా జరిగింది. ఇక పేరు క్లఫ్‌దే అయినా, ఆ ఇంట్లో తన ముగ్గురు పిల్లల మధ్య ఇంకో పిల్లవాడికి చోటు చేసిన మనిషి ఆయన భార్య బార్బరా. కోచ్ గారు మైదానంలో మాట ఇచ్చేసి వచ్చి ఇంట్లో చెప్పే పద్ధతి మన దగ్గర చాలా ఉంది. ఆ పద్ధతి వద్దు. ఇంట్లో అడగకుండా పిల్లవాడికి మాట ఇవ్వకండి. మీకు పిల్లలుంటే వాళ్ళనూ అడగండి; వాళ్ళ గది, వాళ్ళ అల్మారా, వాళ్ళ నాన్న సమయం పంచుకోవాల్సి వస్తుంది.

ఇవాళ విశాఖలో ఆ పని చేయాలంటే మంచి మనసు ఒక్కటే సరిపోదు. కాగితాలు కావాలి. అయితే కాగితాలకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది: ఆ పిల్లవాణ్ణి అతని ఇంట్లోనే ఉంచడానికి దారి ఉందా అని చూడటం.

పేదరికం ఒక్కటే పిల్లవాణ్ణి ఇంటి నుంచి తేవడానికి కారణం కాకూడదు. జాలరిపేట పిల్లలను చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ 61 రోజుల్లో బోట్లు రేవులోనే ఉంటాయి, ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమవుతుంది. వేసవి శిక్షణ శిబిరాలు కూడా సరిగ్గా అప్పుడే. ఖాళీ కడుపుతో వచ్చి రెండో రౌండుకే కళ్ళు తిరిగి కూలబడే పిల్లలను ఆ రోజుల్లోనే చూస్తాం. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాక ఎన్నో కుటుంబాలు ఒక్క రాత్రిలో బతుకుతెరువు పోగొట్టుకున్నాయి. అలాంటి ఇంటి పిల్లవాడికి కావలసింది ఇంకో ఇల్లు కాదు, తన ఇల్లు మళ్ళీ నిలబడటం.

దానికోసం కేంద్రం పిల్లల రక్షణ పథకం ‘మిషన్ వాత్సల్య’ కింద స్పాన్సర్‌షిప్ ఉంది. పిల్లవాడు తన వాళ్ళ దగ్గరే ఉంటాడు, నెలకు 4,000 రూపాయలు అందుతాయి. తల్లి భర్తను పోగొట్టుకున్నా, భర్త వదిలేసినా, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా, తల్లిదండ్రుల్లో ఎవరైనా ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా దరఖాస్తు చేయవచ్చు. కుటుంబ వార్షికాదాయం నగరాల్లో 96,000, గ్రామాల్లో 72,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళుతుంది. మహిళా శిశు సంక్షేమ శాఖ కిందిది కాబట్టి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినా, వార్డు సచివాలయంలో అడిగినా దారి చూపిస్తారు. మీరు చేయగలిగిన గొప్ప సాయం ఏమిటంటే, ఆ నాయనమ్మనో తల్లినో వెంటబెట్టుకుని వెళ్ళి, వరుసలో వాళ్ళ పక్కన నిలబడి, ఆధార్ నకళ్ళు, మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, పాఠశాల పత్రం ఒక కవరులో సర్ది ఇవ్వడం. వాళ్ళకు తెలియనిది ఆఫీసు, మీకు తెలియనిది వాళ్ళ బతుకు. కలిసి వెళితే పని జరుగుతుంది.

మా ఇంటికి వచ్చిన అబ్బాయి విషయంలోనూ మొదట జరిగింది ఇదే. తండ్రి సముద్రంలో పోయాడు. నాయనమ్మ ఎండుచేపలు అమ్మి సాకేది. స్పాన్సర్‌షిప్ పెట్టించాం, ఆమె దగ్గరే ఉన్నాడు, ఉదయం ఆటకు వచ్చేవాడు. ఆమె మంచాన పడ్డాక చూసుకునే మనిషి లేకపోయాడు. అప్పుడు ఆమే నన్ను పిలిపించి, “టీచరమ్మా, వాడు హార్బర్‌లో పనికి పోకుండా చూడమ్మా, నాకు ఇంకేమీ వద్దు” అంది. అక్కడి నుంచి రెండో దారి, అంటే మా ఇంట్లో ఉంచుకునే దారి, మొదలైంది. ఆ అబ్బాయి పేరు రాయను. ఇలాంటి పిల్లల పేరు, బడి, ఫొటో బయట పెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. మీరూ వాట్సాప్ స్టేటస్‌లో ‘మా కొత్త కుటుంబ సభ్యుడు’ అని ఫొటో పెట్టకండి. టోర్నమెంటు గెలిచినప్పుడు విలేకరి వచ్చి ‘అనాథ పిల్లవాడికి కోచ్ ఆశ్రయం’ అని రాస్తానంటే, ఆట గురించి రాయమని చెప్పండి. ఆ మాట పేపర్లో పడితే బడిలో అతని పేరే అనాథ అవుతుంది.

చట్టం దారి

ఇప్పుడు కాగితాల సంగతి. మన వైపు ఒక అలవాటుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘మా అబ్బాయిని ఫలానావారికి పెంచుకోవడానికి ఇస్తున్నాం’ అని రాసి, నోటరీ దగ్గర సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో పని పూర్తయిందనుకుంటారు. ఆ కాగితంతో మీకు ఏ హక్కూ రాదు, పిల్లవాడికి ఏ రక్షణా రాదు. పైగా అనాథలను, వదిలేసిన పిల్లలను, తల్లిదండ్రులు అప్పగించిన పిల్లలను చట్టం చెప్పిన పద్ధతి తప్పించి దత్తతకు ఇచ్చిపుచ్చుకోవడం బాలల న్యాయ చట్టం 80వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. మంచి ఉద్దేశంతోనే చేశామన్న మాట అక్కడ చెల్లదు.

సరైన చోటు బాలల సంక్షేమ కమిటీ. ప్రతి జిల్లాకూ కనీసం ఒకటి ఉండాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలని చట్టం. మైదానానికి వచ్చే పిల్లవాడికి నా అన్నవాళ్ళు ఎవరూ లేరని తెలిసినా, రైల్వే స్టేషన్‌లో పడుకుంటున్నాడని తెలిసినా మీరు రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని ఆలోచించే వీలు లేదు. 24 గంటల్లోపు పోలీసులకో, 1098 పిల్లల హెల్ప్‌లైన్‌కో, కమిటీకో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో చెప్పాలి. చెప్పకపోవడం కూడా తప్పే. హౌరా–చెన్నై మార్గంలో పెద్ద స్టేషన్ మనది కాబట్టి ఒడిశా నుంచి, ఇంకా పై నుంచి తప్పిపోయి వచ్చే పిల్లలు ఇక్కడ దిగుతుంటారు. ఆ పిల్లవాడి కోసం ఎక్కడో ఒక తల్లి స్టేషన్ల చుట్టూ తిరుగుతుండవచ్చు. మీ ఇంటి తలుపు వెనక అతను కనబడడు, కమిటీ రికార్డుల్లో కనబడతాడు.

ఇంకో చిన్న సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాడేరు, అరకు పిల్లలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు, నర్సీపట్నం పిల్లలు అనకాపల్లి జిల్లాకు చెందుతారు. వాళ్ళ కుటుంబం ఉన్న జిల్లా కమిటీ కూడా ఇందులోకి వస్తుంది కాబట్టి మొదటి రోజే ఊరు, మండలం స్పష్టంగా చెప్పండి. లేకపోతే ఫైలు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంది.

తల్లిదండ్రులు ఉండీ చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లవాణ్ణి మీ దగ్గర ఉంచుకోవడానికి చట్టంలో ఉన్న ఏర్పాటు ఫోస్టర్ కేర్. 44వ సెక్షన్. దత్తతకూ దీనికీ తేడా పెద్దది. దత్తతలో పిల్లవాడు చట్టప్రకారం మీ బిడ్డ అవుతాడు, పాత కుటుంబంతో చట్టబంధం తెగుతుంది. ఫోస్టర్ కేర్‌లో అతను తన కుటుంబం బిడ్డగానే ఉంటాడు. పెంచే బాధ్యత మీది. అతని ఇంటిపేరు మార్చకండి, బడి రిజిస్టరులో తండ్రి పేరు మార్చకండి. సముద్రంలో పోయిన తండ్రికి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క వరుసే.

2024లో కేంద్రం ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలను సవరించింది. అంతకుముందు దంపతులకే వీలుండేది. ఇప్పుడు పెళ్ళి కానివారు, విడాకులు పొందినవారు, భర్త లేదా భార్య పోయినవారు కూడా 35 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుంటే దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి పురుషుడికి మగపిల్లలనే ఇస్తారు. దంపతులైతే కనీసం రెండేళ్ళ స్థిరమైన కాపురం ఉండాలి, ఇద్దరి వయసులు కలిపి చూస్తారు. ఆరేళ్ళు నిండిన పిల్లలకే ఇది వర్తిస్తుంది. దత్తతకు చట్టప్రకారం వీలున్న సందర్భాల్లో, ఇదివరకు ఐదేళ్ళు పెంచాక అడగాల్సింది ఇప్పుడు రెండేళ్ళకే అడగవచ్చు.

దరఖాస్తు పెట్టాక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి చూస్తారు. గృహ అధ్యయనం అంటారు. చాలామంది ఆ రోజున ఇల్లు సున్నం వేయించి, కొత్త దుప్పట్లు పరిచి, పిండివంటలు చేస్తారు. అవసరం లేదు. వాళ్ళు చూసేది పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, బాత్‌రూముకు లోపల గడియ ఉందా, ఇంట్లో తాగేవాళ్ళున్నారా, మీ ఆదాయమెంత, మీ ఆరోగ్యమేమిటి, ఇరుగుపొరుగు మీ గురించి ఏమంటారు అని. పోలీసు విచారణ కూడా ఉంటుంది. ‘నన్నే అనుమానిస్తారా’ అని కోచ్‌లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మీలాంటి మంచివాళ్ళకోసం పెట్టిన తనిఖీ కాదది. మంచివాళ్ళ వేషంలో వచ్చేవాళ్ళకోసం పెట్టింది. అది మీకూ పడితేనే వాళ్ళకూ పడుతుంది. తర్వాత పిల్లవాణ్ణి కమిటీ విడిగా అడుగుతుంది, ‘నీకు ఇష్టమేనా’ అని. ముందు రోజు రాత్రి ఏం చెప్పాలో నేర్పకండి. ఉత్తర్వు వచ్చాక నెలనెలా తనిఖీకి వస్తారు. ప్రభుత్వం నుంచి పిల్లవాడి పోషణకు నెలకు 4,000 రూపాయలు వచ్చే వీలుంది; మీకు అవసరం లేకపోయినా తీసుకుని అతని పేరున దాచండి.

వయసు గురించి ఒక మాట. పుట్టిన తేదీ కాగితం లేని పిల్లవాణ్ణి చూడగానే కొందరు కోచ్‌లకు రెండేళ్ళు తగ్గించి రాయిద్దామన్న ఆశ పుడుతుంది. చిన్న వయసు విభాగంలో ఎక్కువకాలం ఆడించవచ్చని. చట్టంలో వరుస ఉంది: ముందు బడి పత్రం లేదా పదో తరగతి పత్రం, అవి లేకపోతే కార్పొరేషన్, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఫుట్‌బాల్ సంఘాలు కూడా మణికట్టు ఎక్స్‌రేతో వయసు చూస్తాయి. పట్టుబడితే నిషేధం పడేది పిల్లవాడికే. మీ ఇంటి మొదటి కాగితమే అబద్ధమైతే, తర్వాత అతనికి మీరు నిజాయితీ ఏ ముఖంతో నేర్పుతారు?

ఇంట్లో

కమిటీ ఉత్తర్వు చేతికి రాగానే ఒక్కసారిగా మకాం మార్చకండి. అనుమతి ఉన్న మేరకు శని, ఆదివారాలు రానివ్వండి, పండగకు రానివ్వండి. అతను వచ్చినప్పుడు ఇల్లు మామూలుగానే ఉండాలి. రోజూ చికెన్ వండి, కొత్త బట్టలు కొని, తర్వాత పప్పుచారు పెడితే మీ మనసు మారిందనుకుంటాడు.

మొదటి నెలల్లో నేను చూసినది చెబుతాను. రాత్రి దిండు కింద రెండు ఇడ్లీలు కాగితంలో చుట్టి పెట్టుకునేవాడు. పొద్దున్నకు చీమలు పట్టేవి. మా వారు అడుగుదామన్నారు, నేను వద్దన్నాను. వంటింట్లో అతనికి అందే అరలో మూత గట్టిగా పడే డబ్బా ఒకటి పెట్టి, బిస్కెట్లు, వేరుసెనగ ఉండలు వేసి, “ఇది నీది, ఎప్పుడైనా తీసుకో, అడగక్కరలేదు” అని చెప్పాను. అది ఖాళీ అయినప్పుడల్లా మాట్లాడకుండా నింపాను. కొన్నాళ్ళు రోజూ ఖాళీ అయ్యేది. తర్వాత వారానికోసారి. తర్వాత డబ్బాలో బిస్కెట్లు మెత్తబడి నేనే పారేయాల్సి వచ్చింది. ఆకలికి అలవాటు పడ్డ పిల్లవాడికి రేపు కూడా అన్నం ఉంటుందని నోటితో ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరదు. కంటికి కనబడాలి. దాచుకున్నాడని తిట్టినా, నవ్వినా, బంధువులకు కథగా చెప్పినా ఆ నమ్మకం పోతుంది.

పాదాలు కూడా చూడండి. ఇసుకలో ఉత్తికాళ్ళతో ఆడి పెరిగిన పిల్లల పాదం వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉంటుంది, మడమలు పగిలి ఉంటాయి. పొడవు కొలిచి కొన్న స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) చిటికెన వేలిని నొక్కేస్తాయి. నొప్పి అని చెప్పడు, ఎందుకంటే మీరు డబ్బు పెట్టి కొన్నారు. ఆట మందగించిందని మైదానంలో కేకలు పడతాయి. అతన్నే దుకాణానికి తీసుకెళ్ళి, సాయంత్రం పూట, మేజోళ్ళు వేయించి, నిలబెట్టి, వేళ్ళు కదిలించమని చూడండి. పొద్దుటికన్నా సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అదే సరైన కొలత. మొదటి వారాల్లో రోజుకు అరగంట మాత్రమే వేయించి, మిగతా సమయం ఉత్తికాళ్ళతోనే ఆడనివ్వండి.

కేజీహెచ్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో మీకు తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరో ఒకసారి పూర్తిగా చూపించండి: హీమోగ్లోబిన్, కళ్ళు, పళ్ళు, నులిపురుగులు, పదేళ్ళకూ పదహారేళ్ళకూ వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా.

ఇంటి పని విషయం మొహమాటం లేకుండా రాస్తాను. మన తెలుగు ఇళ్ళల్లో ‘పెంచుకుంటున్నాం’ అన్న మాట వెనక అంట్లు తోమే చేతులు ఎన్నో ఉన్నాయి. మీ సొంత కొడుకు చేసే పనే ఇతనూ చేయాలి, మీ కొడుకు చేయనిది ఇతనికి చెప్పకూడదు. మంచం మీది తన దుప్పటి తాను మడతపెట్టుకోవడం, తిన్న కంచం తీయడం, బూట్లు తుడుచుకోవడం సరే. బజారుకు, పాలకు, చుట్టాలు వస్తే కాఫీ అందించడానికి ఎప్పుడూ అతన్నే పిలుస్తున్నామా అని గమనించుకోండి. ఒకే బల్ల దగ్గర, ఒకే రకం కంచంలో, ఒకే సమయానికి భోజనం. ఈ మూడింటిలో ఏది తప్పినా అతని స్థానమేమిటో అతనికి అర్థమైపోతుంది.

తాళం ఉన్న పెట్టె ఒకటి ఇవ్వండి, తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. మా అబ్బాయి పెట్టెలో తండ్రి వలకు కట్టిన సీసపు గుండు ఒకటి, నాయనమ్మ ఇచ్చిన పది రూపాయల నోటు ఒకటి ఉండేవి. అవి నాకు అతనే చూపించాడు, అదీ చాలాకాలానికి.

అతని వాళ్ళ గురించి చెడుగా మాట్లాడకండి. తండ్రి తాగుబోతైనా సరే, తల్లి వదిలి వెళ్ళినా సరే. వీలైనంతవరకు తన మనుషులను కలవనివ్వాలని చట్టమూ చెబుతోంది. నాయనమ్మ ఉన్నంతకాలం ఆదివారం మధ్యాహ్నాలు అతను పేటకు వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు చొక్కాకు ఎండుచేపల వాసన ఉండేది. వెంటనే స్నానం చేయమని నేను అనేదాన్ని కాదు. మా ఇంట్లో చేపలు వండటం తక్కువ, అతనికోసం నేర్చుకున్నాను. ముల్లు తీయకుండా నెత్తళ్ళ పులుసు ఎలా తినాలో మా వారికి నేర్పింది అతనే. అతనికి తెలిసినది మనకు తెలియదని ఆ ఇంట్లో అతను చూడటం మంచిది. పిలుపుల విషయంలో బలవంతం వద్దు. మా వారిని మాస్టారు అన్నాడు, నన్ను టీచర్ అన్నాడు, ఇప్పటికీ అంతే.

బడికి సంబంధించి విద్యాహక్కు చట్టం మీ పక్షాన ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లవాడికి టీసీ ఆలస్యమైందనో, వయసు పత్రం లేదనో చేర్చుకోం అనకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు విడిగా శిక్షణ ఇవ్వాలి. ఏడో తరగతిలో కూర్చుని ‘గుణింతం’ రాక తలవంచుకునే పిల్లవాడికి మీరు రోజూ సాయంత్రం అరగంట ఇవ్వాలి. మేము దినపత్రిక క్రీడల పేజీతో మొదలుపెట్టాం. స్కోర్లు చదవాలన్న ఆత్రం అక్షరాలను లాక్కొచ్చింది. బడి మధ్యలో మానేసి వయసు దాటిపోయినవాళ్ళకు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే వీలుంది. ఆటకోసం చదువు మాన్పించే కోచ్‌ను నేను కోచ్‌గా లెక్కపెట్టను.

మైదానంలో

ఇంట్లో ఉన్న పిల్లవాణ్ణి మైదానంలో ప్రత్యేకంగా చూస్తే మిగతా పిల్లలు అతన్ని బతకనివ్వరు. మరీ కఠినంగా చూస్తే ఇంటికొచ్చాక అతను మీతో మాట్లాడడు. అందుకని జట్టు ఎంపికలో అతని విషయం ఇంకో కోచ్‌కు వదిలేయండి. మా వారు అలాగే చేశారు. అతన్ని పక్కన కూర్చోబెట్టిన రోజున కారణం చెప్పింది ఆ కోచ్, ఇంట్లో అన్నం కలిపి పెట్టింది మేము. ఆట మాటలు గుమ్మం బయటే ఆగిపోవాలని మా ఇంట్లో నియమం. భోజనం దగ్గర మ్యాచ్ గురించి అతను మొదలుపెడితే తప్ప మా వారు ఎత్తేవారు కాదు.

పిల్లల రక్షణ విషయం తల్లిదండ్రులూ కోచ్‌లూ మొహమాటపడి దాటేస్తారు. దాటవద్దు. ఏ పిల్లవాడూ ఏ పెద్దమనిషితోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. దూరప్రాంతాల టోర్నమెంట్లకు వెళ్ళినప్పుడు కోచ్ గదిలో పిల్లవాడు పడుకోకూడదు. కండరం పట్టిందని మర్దన చేయాల్సివస్తే నలుగురి ఎదుట చేయాలి. ఈ నియమాలు మా వారికీ వర్తించాయి. పిల్లవాడు ఎవరి గురించైనా తేడాగా చెబితే, చెప్పిన మనిషి చిన్నవాడనీ, చేసిన మనిషి పెద్దవాడనీ చూడకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మీ బాధ్యత. ‘క్లబ్ పరువు’ అన్న మాట అక్కడ తేకండి.

మంచి ఆటగాడైతే వేరే ఊరి అకాడమీలు అడుగుతాయి. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే అధికారం మీకు లేదు. కమిటీకి, అతని కుటుంబానికి తెలియకుండా ఊరు దాటించకండి. అకాడమీ వాళ్ళను మూడు అడగండి: దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, బడి ఎక్కడ, మధ్యలో వద్దనుకుంటే తిరిగి పంపే ఖర్చు ఎవరిది. రాతపూర్వకంగా ఇవ్వకపోతే పంపవద్దు.

కాగితాల మీద ఫోస్టర్ కేర్ 18 ఏళ్ళకు ముగుస్తుంది. ఆశ్రమాల్లో పెరిగి బయటికొచ్చేవారికి 21 ఏళ్ళ వరకు, అవసరాన్ని బట్టి 23 వరకు తోడ్పాటు ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. మీ దగ్గర పెరిగిన పిల్లవాడికి అందులో ఏది వర్తిస్తుందో 17 నిండగానే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడిగి తెలుసుకోండి. ఆ ఏడాదిలోనే అతని పేరున బ్యాంకు ఖాతా, ఆధార్‌లో సరైన పుట్టిన తేదీ, కుల, నివాస ధ్రువపత్రాలు, తండ్రి మరణ ధ్రువపత్రం, కమిటీ ఉత్తర్వు నకలు, టీకాల కార్డు, మార్కుల జాబితాలు ఒక ఫైలులో పెట్టి అతని చేతికివ్వండి. రెండో నకలు మీ దగ్గర ఉంచుకోండి. పద్దెనిమిదో పుట్టినరోజుకు కొన్ని వారాల ముందే, అతను అడగకముందే, మీరిద్దరూ కలిసి స్పష్టంగా చెప్పండి: చదువుకున్నా, పనికి వెళ్ళినా, ఆడినా మానినా, ఇక్కడే ఉండవచ్చని. అది అతను అడగలేడు.